మద్దెల ఓడు కాదు

ఆడలేక మద్దెల ఓడన్న సామెతను మన పెద్దలు ఊరక చెప్పలేదు. తప్పు చేసిన చేయి యొకటి, నింద మోయు తల వేరొకటి యగుట లోకమున నిత్యము చూచుచున్నాము. గడచిన వార్షికోత్సవమున మన పాఠశాలలోనే యట్టిది యొకటి జరిగినది. దానిని గూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయుట మా విధి యని తలచితిమి.

ఆ సాయంకాలము సభామందిరము క్రిక్కిరిసి యుండెను. గాయక బృందము పాడుచుండగా పదవ తరగతి విద్యార్థి యొకడు గిటారు వాయింపవలసి యుండెను. ఆ పాట కొరకు అతడు వేసవి సెలవులు మొదలుకొని సాధన చేసినాడు. రెండవ చరణము వచ్చునప్పటికి గిటారునుండి మొదట సన్నని మూలుగు, పిదప పెద్ద ఊళ బయలుదేరినది. ముందు వరుసలోని పసిపిల్లలు చెవులు మూసికొనిరి. బాలకుడు తీగెలపై అరచేయి వేసినచో ఊళ అణగును. చేయి తీసినచో మరల లేచును. తుదకు ఎవరో స్విచ్చి కట్టివేసిరి. పాట గిటారు లేకయే ముగిసెను. సెల్‌ఫోనుతో పట్టిన రికార్డులో చప్పట్లును, పంకాల రొదయు, ఆ ఊళయు తప్ప వేరేమియు వినరాలేదు. ఆ గిటారును మన పాఠశాలకు కానుకగా నొసగిన పూర్వపు సంగీతోపాధ్యాయులు అస్వస్థతచే సభకు రాలేక యింటనే యుండిరి. ఆ రికార్డు వారికి పంపుటకై యుద్దేశించినది. పంపుటకు మాకు మొగము చెల్లలేదు.

మరునాటినుండి రెండు మాటలు వినవచ్చినవి. గిటారు పాతబడినది, దాని నమ్మివేసి గట్టి కొయ్యతో చేసిన క్రొత్తది కొనవలెనని కొందరు పెద్దలనిరి. వాద్యమేమి చేయును, వాయించువానికి రాదని మరికొంద రనిరి. ఈ రెండవ మాట ఆ బాలకుని చెవిని పడినది. నాటినుండి అతడు సంగీతపు గదికి వచ్చుట మానినాడు. ఈ రెండు మాటలలో నేదియు సరికాదని మా యభిప్రాయము. ఎందువలననో చెప్పుటకు ముందు ఈ వాద్య మెట్టిదో కొంచెము విచారింతము.

గిటారు స్వభావముచేత మెత్తని గొంతు గలది. ఒక గదిలో పదిమంది కూర్చుండి వినుటకు చాలును. అమెరికా దేశమున 1920వ దశకము నాటికి నృత్యశాలలలో బాకాలు, డప్పులు గల పెద్ద మేళములు వెలసినవి. వాని నడుమ గిటారు వాయించువాని చేతులు కదలుట కనబడెనే కాని నాదము వినబడలేదు. 1922లో గిబ్సన్ కంపెనీవారు ఎల్-5 అను గిటారు చేసిరి. దాని పైపలక వయొలిను పలకవలె ఉబ్బెత్తుగా నుండెను; దాని రంధ్రములును వయొలిను రంధ్రముల వంటివే. దానిచే నాదము కొంత దూరము సాగినది గాని బాకాల ముందు నిలువలేదు. అప్పుడు విద్యుచ్ఛక్తిని ఆశ్రయింపవలసి వచ్చినది. 1936లో అదే కంపెనీవారు ఈఎస్-150 అను గిటారు వెలువరించిరి. దాని పెట్టె మునుపటివలె బోలుగానే యుండెను. తీగెల క్రింద మాత్రము అయస్కాంతమును, రాగి తీగ చుట్టయు గల పికప్పు నొకదానిని అమర్చిరి.

ఈ పికప్పు పని చేయు విధము మన సైన్సు పాఠములలోనిదే. 1831లో మైకేలు ఫారడే కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణమే దీనికి మూలము. అయస్కాంతము దాపున ఉక్కు తీగె కదలినప్పుడు చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. తీగె సెకనుకు ఎన్నిమారు లదరునో విద్యుత్తును అన్నిమారులే హెచ్చి తగ్గును. దానిని ఆంప్లిఫయరు పెద్దది చేయును. స్పీకరు మరల నాదముగా మార్చును. కావుననే ఇట్టి పికప్పు గల గిటారునకు ఉక్కు తీగెలుండవలెను. నైలాను తీగెలు కట్టినచో పికప్పునకు అవి ఉన్నట్లే తెలియదు.

అట్టి గిటారును చేతబట్టి లోకమునకు వినిపించినవాడు ఛార్లీ క్రిస్టియన్ అను నీగ్రో జాతి యువకుడు. 1916లో టెక్సాసులో పుట్టి ఓక్లహోమా నగరమున పెరిగినవాడు. 1939లో బెన్నీ గుడ్‌మన్ మేళమున చేరి, అంతవరకు వెనుక కూర్చుండి తాళము వేయుచుండిన గిటారును బాకాలతో సమముగా ముందునకు తెచ్చినాడు. క్షయరోగముచేత 1942లో తన యిరువదియైదవ యేట మరణించినాడు. ఆతడు రికార్డులలో విడిచిపోయిన నాదమును విన్నవారికి ఒక సంగతి తెలియును: పెద్దది చేయుట యనగా గట్టిగా అరపించుట కాదు, ఉన్నదానిని దూరమునకు చేర్చుట. ఈ భేదమును మేము ఆ సాయంకాలమున మరచితిమి.

ఇక ఊళను గూర్చి. బోలు పెట్టె గల గిటారు ఒక్క మీటుటచేతనే కాదు, చుట్టుప్రక్కల నాదము తగిలినను అదరును. స్పీకరునుండి వెలువడిన ధ్వని పెట్టెను కదిలించును. పెట్టె తీగెలను కదిలించును. తీగెలు పికప్పులో విద్యుత్తు పుట్టించును. ఆంప్లిఫయరు దానిని మరింత పెద్దది చేసి మరల స్పీకరునకు పంపును. ఈ చక్రము ఒక్కొక్క త్రిప్పునకు బలియుచు, తుదకు వాయించువాడు చేయి కదపకున్నను తానే కూయును. రచ్చబండకడ ఒకడు పుట్టించిన వదంతి ఊరంతయు తిరిగి వాని చెవికే వచ్చి, వాడును నమ్మి మరల చెప్పినట్లున్నదీ వ్యవహారము.

ఈ చిక్కు మన పాఠశాల గిటారునకు మాత్రమే కలిగినది కాదు. ఆ జాతి వాద్యములన్నిటికి పుట్టుకతో వచ్చినది. దీనిని తప్పించుటకు ఘనులైన పనివారెందరో పాటుపడిరి. లెస్ పాల్ అను వాద్యకారుడు 1940 ప్రాంతమున నాలుగంగుళముల పైను కొయ్య దిమ్మకు తీగెలు బిగించి వాయించినాడు. దిమ్మ అదరదు గనుక ఊళ లేదు. అయితే చూపునకు అది గిటారువలె లేనందున, ఒక గిటారును కోసి దాని రెక్కలను ఇరుప్రక్కల అతికించినాడు. 1958లో గిబ్సన్ కంపెనీవారు ఈఎస్-335 అను గిటారులో ఇరుతెరగుల మేలును కలిపిరి: నడుమ మేపిలు కొయ్య దిమ్మ, ఇరుప్రక్కల బోలు రెక్కలు. దిమ్మ ఊళను చాలవరకు అణచును. రెక్కలు కొయ్య నాదమును కొంత నిలుపును. అయినను బి. బి. కింగ్ వంటి మహావాద్యకారుడు కూడ తన గిటారు రంధ్రములలో గుడ్డలు క్రుక్కికొనెడివాడు. 1980లో ఆయన పేర వెలువడిన గిటారునకు ఆ రంధ్రములే లేకుండ చేసిరి. ఇంతటివారికి తప్పని చిక్కు పదవ తరగతి బాలకునికి కలిగినప్పుడు, వానికి వాయించుట రాదనుట న్యాయమా?

మన గిటారు నడుమ దిమ్మ లేనిది. పూర్తిగా బోలు పెట్టె. కనుక దాని విషయమున మరింత జాగ్రత్త వలయును. అట్టి జాగ్రత్త ఆ దినమున తీసికొనబడెనా? లేదు. ఆంప్లిఫయరు నెక్కడ నుంచవలయునో నిర్ణయించినవారము మేమే. వేదికపై చోటు చాలదని దానిని బాలకుని వెనుక మూడడుగుల దూరమున, వాని వీపునకు ఎదురుగా నిలిపితిమి. వెనుక వరుసలకు వినబడదేమోయని బిరడాను సగముకన్న పైకి త్రిప్పితిమి. గంభీరముగా నుండునని మంద్రస్వరపు బిరడాను తుదివరకు త్రిప్పితిమి. ఇది చాలదన్నట్లు ఆంప్లిఫయరు ముందు మైక్రోఫోను పెట్టి, వేదిక కిరుప్రక్కల నున్న పెద్ద స్పీకర్ల ద్వారా అదే నాదమును మరల బాలకునిపైకే మరలించితిమి. కార్యక్రమమునకు ముందు ఒక్కమారైనను వాయింపించి చూడలేదు. ఊళ వేసినది గిటారు, వేయించినవారము మేము.

పిదప ఒక శనివారము ఖాళీ మందిరమున పరీక్షించితిమి. ఆ బాలకునికి కబురు పంపగా మొదట రానన్నాడు, తరువాత వచ్చినాడు. ఆంప్లిఫయరును వెనుకనుండి తీసి, వేదిక ముందుభాగమున ఒక ప్రక్కగా, కుర్చీపైకెత్తి, గిటారు ముఖమునకు ఎదురుపడకుండ ఎనిమిదడుగుల దూరమున నుంచితిమి. మంద్రపు బిరడాను సగమునకు తగ్గించితిమి. వేదికపై సుద్దముక్కతో గుర్తులు పెట్టి, ఒక్కొక్క చోట నిలువబెట్టి వాయింపించితిమి. ఒకచోట మూలిగిన స్వరము రెండడుగులు జరుగగానే మాయమైనది. బిరడాను వార్షికోత్సవము నాటి మేరకు త్రిప్పినను ఊళ లేదు. రంధ్రములలో క్రుక్కుటకు గుడ్డముక్కలు సిద్ధముగా నుంచుకొంటిమి గాని వాని యవసరమే కలుగలేదు. చివరి బల్లపై కూర్చున్న మాకు ప్రతి స్వరము తేటగా వినబడినది. ఇందుకు ఒక్క పైసయు ఖర్చు కాలేదు.

ఊళ పోయిన పిదప సన్నని గుంయ్‌మను రొద యొకటి మిగిలినది. అది వేరు జబ్బు. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 100 పర్యాయములు దిశ మార్చుకొనును. ట్యూబులైట్లు, పంకాల రెగ్యులేటర్లు దానిని చుట్టుప్రక్కలకు వెదజల్లును. ఒకే చుట్ట గల పికప్పు దానిని కూడ తీగె నాదమువలెనే పట్టుకొనును. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సేథ్ లవర్ అనునాయన ఒక దాని కొకటి ఎదురుగా పని చేయు రెండు చుట్టలను జత చేసి ఈ రొద తనలో తానే కొట్టుకొనిపోవునట్లు చేసి, 1955లో పేటెంటుకై దరఖాస్తు చేసినాడు. మన గిటారులో నున్నది ఒంటి చుట్టయే. అయినను వేదికపైనున్న ట్యూబులైటును ఆర్పి, బాలకుని కొంచెము ప్రక్కకు తిరిగి నిలువుమనగా రొద సగమునకు సగము తగ్గినది.

గట్టి కొయ్య గిటారు కొన్నచో ఈ పాట్లేమియు ఉండవు గదా యని కొందరు ప్రశ్నింపవచ్చును. నిజమే. అట్టి వాద్యములను మేము తక్కువ చేయుట లేదు. మన పాలకొల్లులో 1969లో జన్మించి 2014లో కీర్తిశేషుడైన ఉప్పలపు శ్రీనివాస్ గారు విద్యుత్ మాండలినుపై కర్ణాటక సంగీతమునకు తెచ్చిన ఖ్యాతి లోకమెరిగినదే. ఆయన చేతిలోని ఆ చిన్న వాద్యమునకు ఆంప్లిఫయరు లేనిచో గమకము సభను చేరెడిది కాదు. కాని ఏ వాద్యము గొంతు దానిదే. గట్టి కొయ్య వాద్యమున వినబడునది ముఖ్యముగా తీగె; బోలు వాద్యమున తీగెతో కూడ కొయ్యయు పలుకును. మీటిన వెంటనే తటాలున పుట్టి త్వరగా అణగు ఆ వెచ్చని పలుకు బృందగానమునకు చక్కగా అతుకును. ఆ గొంతు వద్దనుకొన్నవారు మార్చుకొందురు గాక. దానిని సరిగా వినకయే వద్దనుట మాత్రము తగదు.

ఆంప్లిఫయరే అక్కరలేదను పెద్దలును కలరు. వారి మాటలో కొంత సత్యము కలదు. ప్రార్థనా సమయమున ముప్పదిమంది విద్యార్థులు గల తరగతి గదిలో అది అక్కరలేదు. అక్కడ త్రాడు తగిలింపకయే వాయింపవచ్చును. ఇది బోలు వాద్యమునకు గల సౌకర్యము. కాని నాలుగువందలమంది కూర్చున్న మందిరమున నలువదిమంది పాడుచుండగా ఒంటి గిటారు వినబడదు. అక్కడ యంత్ర సహాయము కావలెను. ఎంత కావలెనన్నదే ప్రశ్న. మేము కనుగొనిన కొలత యిది: గాయకులు ఆపినప్పుడు గిటారు స్పష్టముగా వినబడవలెను, గాయకులు పాడునప్పుడు పాటలోని మాట యొక్కటియు గిటారు క్రింద పడి నలుగరాదు.

ఇక రికార్డు చేయుటను గూర్చి. ఇందును మేము చేసినది తప్పే. సెల్‌ఫోనులో మాటలు పట్టుటకై అమర్చిన ఏర్పాటొకటి కలదు. చప్పుడు పెరిగినప్పుడు తానే తగ్గించును, తగ్గినప్పుడు తానే పెంచును. మాటలకది మేలే గాని సంగీతమున స్వరము అణగుచుండగా పంకా రొదను పైకి లాగును. దానిని జనుల నడుమ పట్టుకొని కూర్చున్నచో చప్పట్లు ముందు, పాట వెనుక.

బోలు గిటారును రికార్డు చేయుటకు మూడు త్రోవలు కలవు. మొదటిది, గిటారు త్రాడును డీఐ పెట్టె యను చిన్న పెట్టె ద్వారా రికార్డు యంత్రమునకే తగిలించుట. పికప్పునుండి వచ్చు విద్యుత్తు మిక్కిలి బలహీనమైనది. ఎదుటి యంత్రము దానిని కొద్దిగా మాత్రమే పీల్చుకొనవలెను. అందులకై ఈ పెట్టెలు సాధారణముగా పది లక్షల ఓముల నిరోధముతో ఎదురుకొనును. ఆ పెట్టె లేకయే తగిలించినచో నాదము మొద్దుబారును. పెట్టె యుంచినచో నాదము తేటగా వచ్చును గాని ఒకింత పొడిగా నుండును. గది గాలి అందులో లేదు. రెండవది, ఆంప్లిఫయరు స్పీకరు ముందు అంగుళము రెండంగుళముల దూరమున మైక్రోఫోను నుంచుట. నడిమధ్యకు గురిపెట్టినచో నాదము పదునుగాను, అంచువైపునకు జరిపినచో మెత్తగాను నుండును. బొటనవ్రేలి వెడల్పు జరిపినను తేడా వినబడును. మూడవది, గిటారు పెట్టెకే ఒక జానెడు దూరమున మరియొక మైక్రోఫోను నుంచి కొయ్య నాదమును, మీటు సవ్వడిని పట్టుట.

మూడింటిలో నేదో యొకటి చాలునని చాలమంది అనుకొందురు. బోలు గిటారునకు రెండవదియు మూడవదియు కలిపిననే దాని నిండు గొంతు వచ్చునని మా మతము. తీగె యొక్క మాట ఆంప్లిఫయరునుండి, కొయ్య యొక్క మాట పెట్టెనుండి రావలెను. అయితే ఇక్కడ ఒక మెలకువ కలదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. అనగా మూరెడు దూరమునకు సెకనులో వేయవ భాగముకన్న కొంచె మెక్కువ కాలము పట్టును. రెండు మైక్రోఫోనులు రెండు దూరములలో నున్నచో ఒకే నాదము రెండు క్షణములలో చేరి, ఒకదాని నొకటి కొంతవరకు చెరుపుకొనును. రెండింటిని కలిపి వినగా నాదము బక్కచిక్కినట్లున్నచో కారణమిదే. ఒక మైక్రోఫోనును కొంచెము జరుపుటయో, యంత్రముపై ధ్వని దిశను తిరుగవేయు మీటను నొక్కుటయో చేసినచో చాలవరకు సర్దుకొనును. ఆంప్లిఫయరును ప్రక్క గదిలో నుంచి తలుపు వేసినచో పెట్టె ముందున్న మైక్రోఫోనులో దాని నాదము చొరబడదు, ఊళకును తావుండదు.

ఊళ సయితము ఎల్లప్పుడును శత్రువు కాదని విద్యార్థులు తెలిసికొనవలెను. 1964లో బీటిల్స్ బృందమువారు ‘ఐ ఫీల్ ఫైన్’ అను రికార్డును అట్టి కూతతోనే ప్రారంభించిరి. పికప్పు గల బోలు గిటారు ఆంప్లిఫయరు దాపున నుండగా పుట్టిన ఆ నాదమును వారు చెరిపివేయక, కావలెననియే యుంచిరి. కారణ మెరిగి పిలిచినప్పుడు వచ్చినది కళ. ఎరుగక పిలువకయే వచ్చినది అల్లరి. భేదమంతయు వాద్యమున లేదు, మన యెరుకలో నున్నది.

కావున పాఠశాల పాలకవర్గమువారికిని, తలిదండ్రులకును మా మనవు లివి. గిటారు నమ్మవలదు. దాని తీగెలను మార్చుటకును, ఒక డీఐ పెట్టె, రెండు సామాన్యమైన మైక్రోఫోనులు కొనుటకును క్రొత్త గిటారు వెలలో కొంతభాగము చాలును. ఏ కార్యక్రమమునకైనను ముందు ఒక గంట మందిరమును వాద్యకారులకు విడిచిపెట్టి, నాదమును సరిచూచుకొననీయుడు. వేదికపైని సుద్ద గుర్తుల చోట రంగు గీతలు వేయింపుడు. ఆంప్లిఫయరు కడ ఎవరిని కూర్చుండబెట్టినను, చెవి గలవానిని కూర్చుండబెట్టుడు. బలము గలవానిని కాదు.

విద్యార్థులకు మేము చెప్పున దొక్కటే. యంత్రము చెడ్డగా పలికినప్పుడు దానిని తిట్టుటకు ముందు, అట్లేల పలికినదని యడుగుడు. తోటివాని చేతిలో నది యట్లు పలికినచో వానిని నవ్వుటకు ముందు, వాని వెనుక నేమున్నదో చూడుడు. ఆ దినమున మందిరములో నున్న వారెవ్వరును ఆ బాలకుని వెనుక చూడలేదు.

ఆ శనివారము పరీక్ష ముగిసిన పిదప, పైన చెప్పిన విధముగా రెండు మైక్రోఫోనులు ఎరువు తెచ్చి, ఆంప్లిఫయరును సామాను గదిలో నుంచి, అదే పాటను రికార్డు చేసితిమి. గాయకులు పదుగురే వచ్చిరి. మూడవ చరణమున బాలకుడు ఒకచోట తడబడినాడు. మరల పట్టుదమా యని యడిగితిమి. అట్లే యుండనిండని వాడే యనెను. ఆ రికార్డును పూర్వపు సంగీతోపాధ్యాయులవారికి పంపితిమి. దానితో కూడ, వార్షికోత్సవమున జరిగినదానికి బాధ్యులము మేమని వ్రాసిన లేఖయు పంపితిమి. ఆ బాలకుని ఎదుట ఆ మాట ముందే చెప్పియుండవలసినది. ఆలస్యముగానైనను, అందరు చదువు ఈ పుటలలో ఇప్పుడు చెప్పుచున్నాము.